సాఫ్ట్‌వేర్ మార్పించాలా, కారే మార్చేయాలా?

రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి హైస్కూల్ టీచర్ గారొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్లెవరో తెలియకుండా కుదించి చెబుతాను.

ఆవిడ భర్త 2014లో ముచ్చటపడి పెట్రోల్ ఆటోమేటిక్ కారు కొన్నారు. ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించే క్లచ్‌లు ఒకటికి రెండుండే డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్, అందులోనూ ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకం. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. అప్పటిదాకా స్కూటీ తప్ప ఎరగని ఈవిడ కారు నేర్చుకుని, నెలకోసారి ఆయన్ని రాజమండ్రి డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నారు. మిగతా రోజుల్లో కారు ఇంటి పక్క రేకుల షెడ్డులోనే ఉంటుంది.

ఈమధ్య కారు ఇబ్బంది పెడుతోంది. బండి వేడెక్కాక స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిస్తే రెండో గేరు నుంచి ఒకటికి పడేటప్పుడు ఠక్కున కుదుపు. ఆగి బయలుదేరేటప్పుడు ఒక క్షణం కదలదు, ఆ తర్వాత ఒక్క ఉదుటున దూకుతుంది. ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లేటప్పుడు వణుకు. ఒకరోజు రావులపాలెంలో మీటర్ దగ్గర గేరు చూపించే అక్షరాలు మిణుకుమిణుకుమని వెలిగి కారు ముందుకు వెళ్లలేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైంది. వెనక లారీల హారన్లు, పక్కన ఆయన కంగారు. ఆ రోజు నుంచి స్టీరింగ్ పట్టుకుంటే చాలు టెన్షన్ అని రాశారు.

ఇక సలహాలు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ కొత్త సాఫ్ట్‌వేర్ ఉంది, రెండూ వేయించండి, పన్నెండు వేలవుతుంది, తగ్గుతుందని గ్యారంటీ లేదు, తగ్గకపోతే గేర్‌బాక్స్‌లోని మెకాట్రానిక్ యూనిట్ (గేర్లనీ క్లచ్‌లనీ నడిపించే కంప్యూటర్, వాల్వుల పెట్టె) మార్చాలి, దానికి లక్షన్నర దాటుతుంది అన్నారు. ఊళ్లో మెకానిక్ "నడిచే బండిని కెలక్కండి, కంప్యూటర్ పోతే మొత్తం పోయినట్టే" అన్నాడు. కాకినాడలో ఉండే మరిది తనకు తెలిసిన కుర్రాడు లాప్‌టాప్‌తో వచ్చి ఇంజిన్ కంప్యూటర్‌లోకి ట్యూన్ చేసిన ఫైల్, అంటే కంపెనీది కాకుండా బయట మార్చిన సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తాడని, పికప్, మైలేజీ పెరుగుతాయని, కొత్త ఇథనాల్ పెట్రోల్‌కి కూడా బండి సెట్ అవుతుందని పట్టుబడుతున్నాడు. కొడుకు హైదరాబాద్ నుంచి "అమ్మేసెయ్ అమ్మా" అంటున్నాడు. భర్త మాత్రం కారుకి ఏమీ కాలేదని కోప్పడుతున్నారు. "ఎవరి మాట వినాలో తెలియడం లేదు. అందరూ నా కారు గురించే మాట్లాడతారు, నాతో మాత్రం మాట్లాడరు. సర్వీస్ సెంటర్‌లో నేను చెబుతుంటే సార్ రాలేదా మేడమ్ అని అడుగుతారు" అని ముగించారు.

టీచర్ గారూ, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. కుదుపు వేరు, ఆలస్యం వేరు, వణుకు వేరు అని మీరు విడివిడిగా రాశారు. బండి వేడెక్కాకనే అని కూడా గమనించారు. "గేర్‌బాక్స్ ప్రాబ్లం" అని ఒక్క ముక్కలో తేల్చేసే సార్లు చాలామంది ఇంత చూడరు. కాబట్టి సార్ రాలేదా అని అడిగితే "నడిపేది నేనే, రాసుకోండి" అని ఈ మూడూ, రావులపాలెంలో అక్షరాలు మిణుకుమన్న సంగతీ కలిపి నాలుగూ వరసగా చెప్పి, వాళ్లు కంప్లయింట్లు రాసుకునే జాబ్ కార్డు మీద రాయించండి. జాబ్ కార్డు మీద లేని కంప్లయింట్‌ని సర్వీస్ సెంటర్‌లో ఎవరూ పట్టించుకోరు.

సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో ముందు చూద్దాం. మీ కారులో ఇంజిన్‌కొక కంప్యూటర్, గేర్‌బాక్స్‌కొక కంప్యూటర్ ఉన్నాయి. ఎంత పెట్రోల్ చిమ్మాలి, ఎప్పుడు నిప్పురవ్వ రావాలి అనేది మొదటిది చూసుకుంటుంది. ఏ గేరు ఎప్పుడు వేయాలి, ఏ క్లచ్ ఎంత నొక్కాలి అనేది రెండోది. ఈ రెండూ క్యాన్ అనే తీగల జంట మీద క్షణక్షణం మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో ఆ పద్ధతిని బయటపెట్టింది. గేరు మారే ఆ రెప్పపాటులో "కాస్త బలం తగ్గించు" అని గేర్‌బాక్స్ ఇంజిన్‌ని అడుగుతుంది. ఇంజిన్ సరిగ్గా తగ్గిస్తేనే గేరు మెత్తగా పడుతుంది. అందుకే రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకదానికొకటి నప్పాలి. సర్వీస్ సెంటర్ వాళ్లు రెండూ కలిపి చెప్పడం బిల్లు పెంచడానికే అనుకోనక్కర్లేదు.

కానీ కొత్త సాఫ్ట్‌వేర్ మార్చేది నిర్ణయాలనే. కొత్త హెడ్‌మాస్టర్ వచ్చి టైమ్‌టేబుల్ మార్చినంత మాత్రాన తరగతిలో విరిగిన బెంచీ బాగుపడదు కదా. గేరు తొందరపడి మారడం, ఒకటో గేరులోకి దిగేటప్పుడు క్లచ్‌ని మొరటుగా పట్టడం, లేని తప్పు ఉన్నట్టు లైటు వెలిగించడం, ఇలాంటివి అప్డేట్‌తో నిజంగానే తగ్గుతాయి. అరిగిన క్లచ్ ప్లేటు, లీకయ్యే సీలు, కుంగిపోయిన ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని మోసే రబ్బరు దిమ్మ), నీరసించిన బ్యాటరీ, వీటి జోలికి సాఫ్ట్‌వేర్ వెళ్లలేదు. మహా అయితే కొన్నాళ్లు కప్పిపెడుతుంది.

ఆ లెక్కన మీ నాలుగు బాధల్నీ విడదీస్తే, రెండు నుంచి ఒకటికి పడేటప్పటి కుదుపుకి సాఫ్ట్‌వేర్ వల్ల మేలు జరిగే అవకాశం బాగా ఉంది. మౌంటింగ్ కుంగినా ఇలాగే ఉంటుంది కాబట్టి అది కూడా చూడాలి. బయలుదేరేటప్పటి ఆలస్యం క్లచ్ ఎక్కడ పట్టుకోవాలో కంప్యూటర్ నేర్చుకున్న లెక్క తప్పడం వల్ల కావచ్చు. క్లచ్ అరిగేకొద్దీ ఆ పట్టు జరుగుతూ ఉంటుంది, కంప్యూటర్ సర్దుకుంటూ పోతుంది, ఒక్కోసారి వెనకబడుతుంది. పాకేటప్పటి వణుకు మాత్రం నాకు అంత నచ్చలేదు. డ్రై క్లచ్‌కి చల్లబరిచే ఆయిల్ ఉండదు. సగం పట్టి సగం వదిలి జారుతుంటే వేడెక్కి మొహం నున్నబడుతుంది. మీ వైపు రోడ్లు ఎలాంటివో తెలిసిందే. కాలవ గట్టు మీద వరి గడ్డి ట్రాక్టర్ వెనక నడక వేగంతో వెళ్లాలి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, మాఘంలో అంతర్వేది కల్యాణానికో వెళితే గంటల తరబడి అడుగులో అడుగు వేయాలి. ఈ రకం గేర్‌బాక్స్‌కి వంద కిలోమీటర్ల హైవే కంటే అలాంటి రెండు కిలోమీటర్లే కష్టం.

అయితే వణుకంతా క్లచ్‌దే అని కూడా తేల్చేయకండి. పెట్రోల్ బండిలో నిప్పురవ్వకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి చచ్చుబడినా, స్పార్క్ ప్లగ్ అరిగినా తక్కువ వేగంలో అచ్చం ఇలాగే వణుకుతుంది. ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే బయలుదేరేటప్పుడు తడబడుతుంది. ఇవన్నీ వేలల్లో పోయేవి. వీటిని చూడకుండా లక్షన్నర యూనిట్ దగ్గరికి వెళ్లడం అన్యాయం.

నాలుగోది, ఆ మిణుకుమిణుకుమన్న అక్షరాలు. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. అక్షరాలు అలా వెలిగాయంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో తప్పు గమనించి తన మెమరీలో రాసుకునే ఉంటుంది. ఏ తప్పు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగింది, చాలా కార్లలో అయితే అప్పటి వేడి ఎంత, బ్యాటరీ ఓల్టేజీ ఎంత అనేది కూడా. స్టీరింగ్ కింద మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి స్కానర్ పెడితే అవన్నీ కనిపిస్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు మామూలుగా ఆ తప్పుల జాబితాను తుడిచేస్తారు. కంప్యూటర్ ఇన్నాళ్లూ నేర్చుకున్న క్లచ్ లెక్కలు కూడా మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. అంటే రావులపాలెంలో ఏం జరిగిందో చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యం అప్డేట్‌తో పోతుంది. మర్నాడు బండి మళ్లీ ఆగితే సున్నా నుంచి వెతుక్కోవాలి.

అందుకని మీరు ఏ దారి పట్టినా సరే, మొదట స్కాన్ చేయించండి. తప్పుల కోడ్‌లు, రెండు కంప్యూటర్లలో ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్లు, రెండు క్లచ్‌ల అరుగుదల లెక్కలు, గేర్‌బాక్స్ వేడి, ఇవన్నీ ప్రింట్ తీయించుకోండి. ప్రింటర్ లేదంటే స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ పనికి వెయ్యీ పదిహేను వందలూ పుచ్చుకుంటే పుచ్చుకోనివ్వండి. "ఎలాగూ అప్డేట్ చేస్తున్నాం కదా మేడమ్, స్కాన్ ఎందుకు" అంటే ఒప్పుకోకండి. అదే కూర్చున్నప్పుడు ఛాసిస్ నంబర్ చెప్పి, కంపెనీ తరఫున ఉచితంగా చేయాల్సిన రీకాల్ ఏదైనా మీ బండి మీద మిగిలి ఉందేమో చూడమనండి. పాత బండ్లకి ఇది చాలామంది అడగరు. ఉంటే అది వాళ్ల ఖర్చే.

ఇంకొకటి కోనసీమకే సంబంధించింది. మీది సముద్రం గాలి తగిలే చోటు. బ్యాటరీ దగ్గర నెగటివ్ తీగ బాడీకి బిగించిన బోల్టుని, గేర్‌బాక్స్ కనెక్టర్ పిన్నుల్ని విప్పి చూడమనండి. ఉప్పు గాలికి పిన్నుల మీద పచ్చటి చిలుము, బోల్టు కింద తెల్లటి పొడి పట్టి ఉంటాయి. పైకి బిగుతుగానే ఉన్నట్టుంటుంది, కరెంటు మాత్రం సరిగా పోదు. నెలకోసారి కదిలే బండి కాబట్టి బ్యాటరీ కూడా దిగిపోయి ఉండొచ్చు. రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున్నే కొలిస్తే 12.6 ఓల్టుల దగ్గర ఉండాలి. 12.2కి దిగిందంటే సగం ఖాళీ అని అర్థం. ఓల్టేజీ తగ్గితే గేర్‌బాక్స్ కంప్యూటర్ ముందు కంగారుపడుతుంది. మీ మిణుకుమిణుకు ఇక్కడే తేలిపోతే నేను ఆశ్చర్యపోను. అన్నట్టు, షెడ్డు పక్కనే చేలున్నాయి కదా, ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడమనండి. బానెట్ కింద కొబ్బరి పీచు కనిపిస్తే అవి కాపురం పెట్టినట్టే.

ఇదంతా అయ్యాక దారులు తెరుచుకుంటాయి.

కోడ్‌లలో పెద్దదేమీ లేక, అరుగుదల లెక్కలు హద్దులోనే ఉంటే, సాఫ్ట్‌వేర్ మార్చకుండానే ఒక పని చేయించవచ్చు. స్కానర్‌తో క్లచ్‌ల పట్టుని కొత్తగా నేర్పించడం. బేసిక్ సెట్టింగ్ అనో అడాప్టేషన్ అనో అంటారు. ఖర్చు తక్కువ. ఆలస్యం, కుదుపు దీంతోనే తగ్గే బండ్లు ఉన్నాయి. కొన్ని వారాలకే మళ్లీ మొదలైతే, లోపల అరుగుదల ఉందని మీకు తక్కువ ఖర్చులో తెలిసినట్టు.

రెండోది, సర్వీస్ సెంటర్ చెప్పిన అప్డేట్. తప్పు దారి కాదు. ఊళ్లో మెకానిక్ భయానికి కూడా కారణం లేకపోలేదు. రాయడం సగంలో ఉండగా కరెంటు ఆగినా, ఓల్టేజీ పడిపోయినా కంప్యూటర్ మూగబోవచ్చు. చాలాసార్లు దాన్ని విప్పి మళ్లీ బతికించగలరు, ఒక్కోసారి కొత్తది వేయాలి, వేస్తే దానికి తాళంచెవుల్ని మళ్లీ గుర్తుపట్టించాలి. అందుకే పని తెలిసినవాళ్లు అప్డేట్ జరిగినంతసేపూ బ్యాటరీకి ఓల్టేజీ నిలకడగా ఉంచే చార్జర్ తగిలిస్తారు. మీరు అడగాల్సిన మూడు ప్రశ్నలు: ఆ చార్జర్ పెడతారా, మధ్యలో పాడైతే ఖర్చు ఎవరిది, అప్డేట్ తర్వాత బేసిక్ సెట్టింగ్ చేసి టెస్ట్ డ్రైవ్ తీయడం ఈ పన్నెండు వేలల్లోనే ఉందా. జవాబులు జాబ్ కార్డు మీద రాయించండి. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. సెట్టింగ్ చేయకుండా ఇచ్చేస్తే బండి ముందుకంటే మొరటుగా నడుస్తుంది, అప్డేట్ చెడగొట్టిందని మీరూ, అలవాటవుతుందని వాళ్లూ అనుకుంటూ ఉంటారు.

ఒకసారి కొత్త వెర్షన్ వేశాక మామూలుగా సర్వీస్ సెంటర్‌లో పాతదానికి వెనక్కి వెళ్లలేరు. పైగా కంపెనీలు కొత్త వెర్షన్లు ఇచ్చేది ఎప్పుడూ నడిపేవాళ్ల సుఖం కోసమే కాదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల పొగ పరీక్షల మోసం బయటపడ్డాక మన దేశంలోనే మూడు లక్షలకు పైగా బండ్లను సాఫ్ట్‌వేర్ మార్పు కోసం పిలిచారు. అది గేర్ల కుదుపు కోసం కాదు. కాబట్టి "ఈ కొత్త వెర్షన్ ఏ కంప్లయింట్ కోసం వచ్చింది?" అని అడగండి. కంపెనీ పంపిన సర్వీస్ నోట్‌లో ఆ సంగతి ఉంటుంది. మీ నాలుగింటిలో ఒక్కటైనా అందులో ఉంటే పన్నెండు వేలు పెట్టొచ్చు. ఏదీ లేకపోతే నేనైతే ఆ డబ్బుని మౌంటింగులకీ, ప్లగ్గులకీ, బ్యాటరీకీ ఖర్చు పెడతాను.

మరిది గారి ఫైల్ సంగతి సూటిగా చెబుతాను. మీ కారుకి అది వద్దు. ట్యూన్ చేసిన ఫైల్ ఇంజిన్ బలాన్ని పెంచుతుంది. ఆ బలం మొయ్యాల్సింది ఇప్పటికే వణుకుతున్న క్లచ్. డ్రై క్లచ్‌లకి మోయగలిగే హద్దు కూడా తక్కువే. ఇథనాల్ మాటలో అయితే పస లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో పాత బండ్లకి అసలు చిక్కు పైపులు, సీళ్లు, రబ్బరు భాగాలతో, వాటిని ఏ ఫైలూ మార్చలేదు. చట్టం వైపు నుంచి కూడా చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. ఇంజిన్ బలం పెంచిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు. కుర్రాళ్లు సరదాకి చేసుకుంటే వాళ్లిష్టం. పేషెంటుని కూర్చోబెట్టుకుని గౌతమి బ్రిడ్జి దాటే బండి మీద ప్రయోగాలు అనవసరం.

కానీ మరిది మనసు కష్టపెట్టుకోవడం మీకు మరో తలనొప్పి అని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. అన్నయ్య కోసమే కదా అతని తాపత్రయం. "వద్దు" అనే బదులు ఒక పని అప్పజెప్పండి. "అబ్బాయ్, మీ కుర్రాడి దగ్గర మంచి స్కానర్ ఉంటే బండిని చదివి కోడ్‌లు ఇమ్మను, రాయడం మాత్రం ఇప్పుడు వద్దు" అనండి. ఆ కుర్రాడికి నిజంగా పని తెలిస్తే అదే ముందు చేస్తాడు. చదవకుండానే ఎక్కించేద్దాం అన్నాడంటే మరిదికే విషయం అర్థమవుతుంది.

మీవారి కోపం వేరే. ఆయన కొన్న కారు, ఆయన నడపలేని కారు. దానికి జబ్బు చేసిందంటే ఒప్పుకోవడం ఆయనకి తేలిక కాదు. ఈ విషయంలో నాకు తోచింది ఒక్కటే. ఆయన పక్క సీట్లో కూర్చుంటారు, కుడి చెయ్యి బాగానే ఉంది. కుదుపు వచ్చినప్పుడల్లా ఎన్ని గంటలకి, ఏ ఊరి దగ్గర, మీటర్‌లో ఏ గేరు, బండి వేడెక్కిందా లేదా అని చిన్న నోట్‌బుక్‌లో రాయమనండి. మీకు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి, రాసేవాళ్లు ఎలాగూ కావాలి. సర్వీస్ సెంటర్‌లో ఆ నోట్‌బుక్ చాలా పనికొస్తుంది. ఏమీ కాలేదని ఆయన అనుకుంటున్నారు కాబట్టి, అయిందో లేదో ఆయన చేతిరాతలోనే తేలనివ్వండి.

కొడుకు చెప్పిన అమ్మకం కొట్టిపారేయాల్సింది కాదు. స్కాన్‌లో క్లచ్ అరుగుదల హద్దు దాటిందనో, మెకాట్రానిక్ లోపలే తప్పుందనో తేలితే అప్పుడు లెక్క వేయాలి. మీ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే 2029 దాకా ఉంటుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకి రెన్యువల్ తీసుకోవచ్చు. క్లచ్ ఒక్కటే పోతే మార్పించి ఇంకొన్నేళ్లు తిప్పుకోవడం లాభమే, ఎందుకంటే మీకు ఆటోమేటిక్ తప్పనిసరి, కొత్తది ఇప్పటి ధరల్లో చిన్న ఖర్చు కాదు. క్లచ్, యూనిట్ రెండూ పోయాయంటే బండి విలువలో పెద్ద భాగం దానికే పోతుంది, అప్పుడు కొడుకు మాటే సరైనది. కొనేవాళ్లకి సంగతి దాచకుండా చెప్పి అమ్మండి, ధర తగ్గినా తర్వాత పేచీ ఉండదు. కొంటే ఈసారి టార్క్ కన్వర్టర్ రకం, అంటే బయలుదేరేటప్పుడు క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం అందించే ఆటోమేటిక్ నడిపి చూడండి. మైలేజీ కాస్త తగ్గినా, మీ కాలవ గట్ల పాకుడుకి అది మెత్తగా ఉంటుంది.

ఈలోపు నడిపేటప్పుడు ట్రాఫిక్‌లో ముందు బండికి అంటుకుపోకుండా నాలుగు గజాలు ఖాళీ వదిలి, ఒకేసారి కదలండి. అంగుళం అంగుళం పాకనివ్వకండి. ఆగినప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచితే క్లచ్ పూర్తిగా విడిపోయి చల్లబడుతుంది. బ్రిడ్జి ఎక్కే వాలులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేక్‌తోనే నిలబెట్టండి. అక్షరాలు మళ్లీ మిణుకుమంటే హజార్డ్ లైట్లు వేసి, ఎడమవైపు జరిగే వీలుంటే జరిగి, ఆపి ఒక నిమిషం ఆగి స్టార్ట్ చేయండి. హారన్లు కొట్టేవాళ్లని కొట్టుకోనివ్వండి.

ఇంకొక్క మాట. డాక్టరు అపాయింట్‌మెంటు ఉన్న రోజు ఆయన్ని హాస్పిటల్‌లో దింపి కారు సర్వీస్‌కి ఇద్దాం, రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి అని అనిపిస్తుంది. అలా చేయకండి. అప్డేట్ ఆలస్యమైనా, టెస్ట్ డ్రైవ్‌లో ఏదైనా తేడా వచ్చినా సాయంత్రం ఆయన్ని తీసుకుని పి.గన్నవరం అక్విడెక్ట్ దాటి ఇంటికి రావాల్సింది ఆ కారులోనే. వేరే రోజు ఒంటరిగానో, మరిదిని తోడు తీసుకునో వెళ్లండి. బిల్లు కట్టే ముందు టెక్నీషియన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. ఊరి బయట హైవే మీద కాదు, రాజమండ్రి మోరంపూడి ట్రాఫిక్‌లో.